ఖాళీ ఉందా

“ఆ కుర్చీ మావాడిదే కదమ్మా?”

లేబొరేటరీ గుమ్మంలో నిలబడి అడిగిందామె. కుర్చీకి వేలాడుతున్న స్వెట్టర్ కోసం వచ్చిన తల్లి. కొడుకు పోయి ఇంకా నెల కాలేదు.

పక్కన స్టూలు మీదున్న అమ్మాయి చటుక్కున లేచింది. నెలనెలా స్టైపెండొచ్చే అతని అసిస్టెంట్‌షిప్ నిన్ననే ఆమెకిచ్చారు. అది రాకపోతే ఈ టర్ముతో రీసెర్చికి స్వస్తి చెప్పాల్సిందే. కుర్చీలో మాత్రం ఇంకా కూర్చోలేదు.

“అవునండీ. ఇప్పుడు... నాకిచ్చారు.”

తల్లి ఆమెను తేరిపార చూసింది. “‘ఖాళీ ఉందా’ అంటే నువ్వేనా?”

“అంటే?”

“మావాడు నీకు పెట్టిన పేరు. రోజూ వచ్చి ప్రొఫెసర్ గారిని అసిస్టెంట్‌షిప్ ఖాళీ ఉందా అని అడుగుతావటగా? ‘ఇవాళ కూడా ఖాళీ ఉందా వచ్చిందమ్మా’ అని నవ్వేవాడు. తన థీసిస్ అవ్వగానే కుర్చీ నీకేనట.”

ఖాళీ రావాలని అమ్మాయి మొక్కని దేవుడు లేడు. ఎలా రావాలో మాత్రం ఏ దేవుడికీ చెప్పలేదు.

తల్లి స్వెట్టర్ మడుస్తుంటే తలుపు కిర్రుమంది. ఎవరో కొత్త విద్యార్థిని తొంగిచూసింది.

“మేడమ్, అసిస్టెంట్‌షిప్ ఏమన్నా ఖాళీ ఉందా?”

అమ్మాయి నోరు తెరిచేలోగా తల్లే బదులిచ్చింది.

“లేదమ్మా. మనిషి ఉంది.”

తలుపు మూసుకుంది. తల్లి కుర్చీని ముందుకు జరిపింది.

“కూర్చో తల్లీ. నా మాట అబద్ధం చెయ్యకు.”

అమ్మాయి కూర్చుంది. కాళ్లు నేలకు అందలేదు. కుర్చీ ఇంకా అతని ఎత్తులోనే ఉంది.