రెండోసారి ఎక్కదు

మంగాయమ్మ కంప్యూటర్ వంక చూసి, ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి వంక చూసి, పెదవి విరిచింది.

"మోహనకృష్ణ, పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఈ మనిషి ఇప్పటికే ఉన్నాడంటంది. మళ్ళీ ఎక్కదు."

గాజువాకలో మంగాయమ్మ పెళ్లిసంబంధాల ఆఫీసు తెలియనివాళ్లు తక్కువ. ఎవరి వివరాలూ బయటివాళ్లకు చెప్పబడవని గోడమీద బోర్డు ఉంటుంది. ఫలానావాడు మీ దగ్గరున్నాడా అని ఫోన్లో అడిగితే తిట్లే జవాబు. ఒకే అబ్బాయిని, పేరుకో అక్షరం కలిపి, జీతం పెంచి మళ్ళీ మళ్ళీ ఎక్కించే జనాన్ని చూసి చూసి, ఉన్నవాణ్ణి రెండోసారి తీసుకోని ప్రోగ్రాం రాయించుకుంది. అప్పటినుంచి ఆమె కంటికి గుమ్మం తొక్కినవాళ్లంతా దొంగలే.

ఈ వచ్చినామె వరుడి అక్క అని చూడగానే తేల్చేసింది. తమ్ముళ్లను అంగట్లో పెట్టే తీరిక అక్కలకు తప్ప ఇంకెవరికుంటుంది?

"అదే పేరుతో ఇంకొకరు ఉండొచ్చు కదండీ," అంది వచ్చినామె. భుజానికి పిల్లల వాటర్ బాటిల్ వేలాడుతోంది. "పుట్టినతేదీ వేసి చూడండి. ఇవాళ తేలిపోవాలి నాకు."

వేసింది. ఎక్కలేదు.

"ఫోన్ నెంబరు వేస్తారా?"

అదీ వేసింది. అదే మాట మళ్ళీ వచ్చింది తెరమీద. వచ్చినామె కుర్చీ లాక్కుని కూర్చుంది.

మంగాయమ్మ నవ్వింది. "ఒకే ఎద్దుని సంతలో రెండుసార్లు అమ్మేద్దారనుకున్నారేటి? మీ తమ్ముడు సొంతంగా వచ్చి ఫీజు కట్టెల్లాడు. మీకు సెప్పనేదేటి పాపం?"

"ఏం రాయించారో చూడొచ్చాండీ? తప్పులుంటే దిద్దుదామని."

ఎదుటివాళ్ల అబద్ధం దొరికిన ఆనందంలో మంగాయమ్మకు గోడమీది బోర్డు గుర్తులేదు. తెర అటు తిప్పి, వేలు పెట్టి మరీ చదివింది. వయసు ముప్ఫై ఆరు. సొంతూరు అమలాపురం దగ్గర. దువ్వాడలో ఫ్లాటు. భార్య సూర్యకళ, జబ్బుచేసి పోయింది. పిల్లలు లేరు.

"ఇందులో దిద్దడానికేటుంది?" అంది. "సచ్చిపోయిన పెళ్లాన్ని లేపుకొత్తారేటి?"

వచ్చినామె ఫోన్ తీసి తెరకు ఫోటో తీసుకుంది.

మంగాయమ్మకు ఒళ్లు మండింది. ఇలాంటివాళ్లను మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వకుండా పేరు రాసిపెట్టుకోవడం ఆమె అలవాటు. పెన్ను అందుకుంది.

"ఇంతకీ నీ పేరేటి?"

తన పాప వాటర్ బాటిల్ భుజాన సర్దుకుంటూ లేచి, తాపీగా చెప్పిందామె: "సూర్యకళ."