అడుగు మాడిన అరటిపండు బ్రెడ్డు

తలుపు తట్టిన చప్పుడుకు కాత్యాయని గడియారం చూసింది. ఇంకా పదే అయింది. దత్తతకు ముందు ఇల్లు చూడ్డానికి ఆశ్రమం మేడం వస్తానన్నది పదకొండుకు. బళేపేట సందులో కింద గాజుల అంగడి, పైన ఇల్లు. భర్త బసవరాజు పదకొండు కొట్టగానే అంగడికి బీగం వేసి పైకి వస్తానన్నాడు.

మేడం కోసమని తెచ్చిన ఏలక్కి అరటిపండ్లు, ఆమె రాక మూడు రోజులు వాయిదా పడేసరికి నల్లబడిపోయాయి. పారెయ్యడానికి మనసొప్పక, వాటిని మెదిపి, మైదా, వెన్న, చక్కెర కలిపి, గుండ్రటి అల్యూమినియం ఓవెన్లో బ్రెడ్డు పెట్టింది. చేతులకు గుజ్జు ఇంకా అంటుకునే ఉంది. ఆ చేతులతోనే తలుపు తీసింది.

సన్నటి మనిషి. నూలు చీర, భుజాన సంచీ, ముఖాన నవ్వు లేదు.

"పాపను పెంచుకునేది మీరే కదా? ఇల్లు చూసిపోదామని వచ్చినా."

"రండి మేడం. పదకొండుకు అనుకుంటా ఉండాం. ఆయన్ని పిలుస్తా, కిందే ఉండాడు."

"వద్దు. మీరుంటే చాలు."

తననొక్కదాన్నే అడగాలనుకుంటోందంటే ఏదో అనుమానం ఉన్నట్టే. కాత్యాయని చేతులు తుడుచుకుని, రెండు రోజులుగా సర్దిపెట్టిన ఫైలు అందించింది. పెళ్ళి సర్టిఫికెట్టు, డాక్టరు కాగితాలు, అంగడి లైసెన్సు అన్నీ వరుసగా ఉన్నాయి. ఆమె దాన్ని తెరవకుండానే బల్ల మీద పెట్టేసింది.

తర్వాత ఇల్లంతా నెమ్మదిగా తిరిగింది. కిటికీ ఊచల మధ్య చెయ్యి దూర్చి చూసింది. నీళ్ళ డ్రమ్ము మూత ఎత్తి చూసి, మళ్ళీ గట్టిగా అదిమింది. మిద్దె మెట్ల దగ్గర ఆగిపోయింది.

"పక్కన గోడ లేదే. పడితే?"

"కట్టిస్తాం మేడం. రేపే మేస్త్రీని పిలుస్తాం."

"రాత్రి పాపను ఎక్కడ పండబెడతారు?"

"మా ఇద్దరి మధ్యన." అని, అది తప్పేమోనని కాత్యాయని కంగారు పడింది. "ఉయ్యాల తెమ్మంటే తెస్తాం."

ఆమె ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. ఏదైనా రాసుకుంటే కాత్యాయనికి కాస్త ధైర్యంగా ఉండేది. నెల కింద ఆశ్రమంలో ఒకే ఒక్కసారి ఎత్తుకున్న పాప బరువు భుజం మీద ఇంకా ఉన్నట్టే ఉంది.

ఆమె కుర్చీలో కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

"కోపమొస్తే కొడతారా?"

లేదని చెప్పెయ్యొచ్చు. కానీ ఆ చూపు ముందు అబద్ధం నోట రాలేదు.

"ఒకసారి మా అక్క కొడుకును కొట్టినా. కాగే పాలగిన్నెను లాగబోయినాడు. భయంతో చెయ్యి లేచిపోయింది. ఆ పూట నాకు అన్నం దిగలేదు."

అంతా చెడగొట్టుకున్నానని అప్పుడే అర్థమైంది.

"రేపు మీ కడుపునే ఒక బిడ్డ పుడితే?"

"పుడితే ఈ పాప అక్క అవుతాది. ఇంకేముండాది దాంట్లో?"

ఆమె వంటింటి వైపు తల తిప్పి, "ఏదో మాడుతా ఉండాది" అంది.

కాత్యాయని పరుగెత్తింది. మూత తీస్తే పొగ. పైన గోధుమ రంగు, అడుగు బొగ్గు. మేడం ఎదుట ఒక్క బ్రెడ్డు సరిగా చెయ్యలేనిది రేపు బిడ్డకేం వండిపెడుతుందనుకుంటారో అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె వెనకే వచ్చి, చాకు తీసుకుని మాడిన అడుగును కోసేసి, ఒక ముక్క నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క కూడా తినింది. చెంగుతో మూతి తుడుచుకుని బయల్దేరింది.

"మేడం, పాపను మాకిస్తారా?" మెట్ల దాకా వెంట వెళ్ళి అడిగింది కాత్యాయని.

"ఆలోచించి చెబుతా," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

బసవరాజు వచ్చేసరికి కాత్యాయని వంటింటి గడప మీద కూలబడి ఉంది.

"వచ్చి పోయింది. ఒక్క కాగితమూ చూడలేదు. పిల్లోణ్ణి కొట్టిన సంగతి కూడా చెప్పేసినా."

"అదెందుకు చెప్పినావే?" అన్నాడు బసవరాజు, తనూ పక్కనే కూలబడుతూ.

పన్నెండు కావస్తుండగా మళ్ళీ తలుపు చప్పుడైంది. కళ్ళద్దాల పెద్దావిడ, చంకలో లావుపాటి ఫైలు.

"ఆశ్రమం నుంచి వచ్చినానమ్మా. నా పేరు వరూధిని. ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు."

కాత్యాయని బసవరాజు వైపు చూసింది. అయితే ఇందాక ఇల్లు మూలమూలా చూసిపోయింది ఎవరు? బసవరాజు లోపలికి పరుగెత్తి బీరువా తీశాడు. నగలు, డబ్బు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"పాప మీకు రాదని చెప్పాలనే బయల్దేరుతా ఉంటిని," అంది వరూధిని, కుర్చీలో కూర్చుంటూ. "కన్నతల్లి చివరి సంతకం పెట్టనని పొద్దున్నే మొండికేసింది. బిడ్డ పోయే చోటు తన కళ్ళతో చూడాలంట. అట్లా చూపించే పద్ధతి లేదమ్మా అంటే, నా బల్ల మీదుండే మీ ఫైల్లో అడ్రసు చూసి, చెప్పకుండా ఎటో పోయింది. నేను చెప్పులేసుకుంటా ఉంటే ఫోను. ఏదో రూపాయి బిళ్ళ వేసే ఫోను నుంచి చేసింది. 'ఇల్లు చూసినా మేడం, సంతకం పెడతా' అనింది."