కుడి మూల కత్తిరించిన ఫోటో

"అన్నయ్యా, ఈ ఫోటో తీసింది నువ్వేనా?"

"నేను కాక పక్కింటాయనా?"

"మరి ఇందులో నువ్వెందుకున్నావు?"

ఫోటోగ్రాఫర్ కుర్చీ ముందుకి జరుపుకుని కంప్యూటర్ తెరలోకి చూశాడు. చెల్లెలు ఫోటోల వివరాలు టైపు చేస్తోంది. సాయంత్రం అయిదులోపు పత్రికకి పది ఫోటోలు వెళ్లాలి. ప్రతి ఫైలూ వాళ్లడిగిన సైజులో ఉండాలి. ఫైలు పేరులో తీసినవాళ్ల పేరుండాలి. చివర, 'ఇవన్నీ నేను తీసినవే' అన్న హామీపత్రం జతపరచాలి.

పదో ఫోటో రైల్వే ప్లాట్‌ఫారం. కదిలిన రైలు. కిటికీలోంచి చాచిన ముడతల చెయ్యి. దాన్ని వదల్లేక వెంట పరుగెత్తుతున్న ఆడమనిషి.

కుడి మూల, బెంచీ కింద దూరి దేనికోసమో తడుముకుంటున్న ఒక వీపు.

"నీ వీపు నాకు తెలీదా? ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేనేగా!"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద లెన్సు మూత దొర్లి బెంచీ కిందికి పోయింది. పక్క బెంచీ మీద కూర్చున్న ముసలాయన చేతిలో కెమెరా పెట్టాడు.

"తాతా, కాస్త పట్టుకో. బటన్ల జోలికి మాత్రం పోకు, నీకు తెలీదు."

మూత దొరికి బయటికొచ్చేసరికి ముసలాయన నసిగాడు. "బాబూ, నేనొకటి..."

అతను వినిపించుకోలేదు. కెమెరా లాక్కున్నంత పని చేశాడు. గీతలేమైనా పడ్డాయేమోనని తిప్పి తిప్పి చూసుకుంటూ వెళ్లిపోయాడు.

"దీన్ని తీసెయ్, తొమ్మిదే పంపుదాం" అంది అంతా విన్న చెల్లెలు.

అతను తొమ్మిదీ చూశాడు. పదకొండేళ్లుగా ఈ పత్రిక నుంచి తిరిగొస్తున్న బాపతే. పదోది చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"మూల కత్తిరిస్తే సరి."

"కత్తిరిస్తే నువ్వు పోతావు. తీసినాయన పోడుగా?"

"నువ్వు టైపు చెయ్యవే తల్లీ, టైమైపోతోంది!"

చెల్లెలు కుర్చీలోంచి లేచిపోయింది. మూల కత్తిరించి, ఆ ఒక్క ఫైలుకీ తన పేరు తనే టైపు చేసుకున్నాడు.

నెల తిరక్కుండానే ఎడిటరమ్మ ఫోన్ చేసింది.

"మిగతావి అలా ఉంచండి. ఆ రైలు ఫోటో... ఎలా పట్టారండీ ఆ క్షణాన్ని?"

"ఏదో... అలా కుదిరిందండీ."

"కత్తిరించని అసలు ఫైలు కూడా పంపండి. రూలుంది కదా."



"కెమెరాలో మెమరీ కార్డు పాడైపోయిందండీ."

"అయ్యో! సరే, మీ మాట మీద నమ్మకంతో వేస్తున్నాం."

రెండు పేజీల నిండా వేశారు. కింద అతని పేరు. ఫోన్లే ఫోన్లు. ఒక్కో అభినందనా చెంప మీద ఒక్కో దెబ్బలా తగిలింది. చెల్లెలు పత్రిక తెరవనైనా లేదు.

నాలుగో రోజుకి ఉండబట్టలేక పత్రిక పట్టుకుని, భుజాన కెమెరాతో ప్లాట్‌ఫారానికి బయల్దేరాడు. కాళ్లు పట్టుకుని అయినా ముసలాయనకి నిజం చెప్పేయాలి. పేరు కనుక్కుని ఎడిటరమ్మకి రాయాలి. ఆ పైన ఏ గతి పడితే ఆ గతి.

ముసలాయన కూర్చున్న బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక్కడో పెద్దాయన కూర్చునేవారు..." అని పక్కనున్న టీకొట్టతన్ని అడిగాడు.

టీకొట్టతను కెమెరా వంక చూశాడు.

"కెమెరా బాబంటే మీరేనా? మీకోసం రోజూ వచ్చి కాచుక్కూర్చున్నాడండీ! అడక్కుండా బటన్ నొక్కేశాను, తప్పైపోయిందని ఆ బాబుకి చెప్పుకోవాలిరా అనేవాడు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పోయి ఇరవై రోజులైందండీ."

ఫోటోగ్రాఫర్ పత్రికని వెనక్కి దాచబోయాడు. అప్పటికే టీకొట్టతని కళ్లు అట్ట మీద పడ్డాయి.

"ఇదేనండీ, ఇదే! ఫోటో స్టూడియోలో పనిచేసినన్నాళ్లూ, చేతులు వణుకుతున్నాయని కెమెరా అమ్మేసుకునేదాకా, ముప్పై ఏళ్లు ఈ పత్రికకే ఫోటోలు పంపాడు... ఒక్కటీ వేసుకోలేదురా అని నవ్వేవాడు."