రాయ్‌పూర్ లైను

సాలూరులో మా లారీ ఆఫీసు కంప్యూటర్లో రాయ్‌పూర్ బ్రాంచి ఫైళ్ళు మళ్ళీ సగమే తెరుచుకున్నాయి. వాటిని పంపే యూడీపీ పద్ధతే అంత. ఫైలుని ముక్కలుగా విసిరేసి పోతుంది, అందిందా అని అడగదు. విసుగొచ్చి టీసీపీకి మార్చాను. అది జవాబు వచ్చేదాకా ఆగుతుంది, దారిలో పోయినదాన్ని మళ్ళీ పంపుతుంది.

వెంటనే రాయ్‌పూర్ నుంచి నాన్న ఫోను. "ఇంత నెమ్మదేటే? పాతదే పెట్టు, బేగి!"

"అంత దూరం లైన్లో ముక్కలు పోతన్నాయి నాన్నా..."

అప్పటికే ఫోను పెట్టేశాడు. ఎప్పుడూ తను చెప్పడమే గాని నా మాట వినడు.

పాతదే పెట్టాను. ఫైళ్ళు మళ్ళీ సగమే. తిట్లు మాత్రం పూర్తిగా అందాయి.

సాయంత్రం నేనే ఫోను చేశాను. "నాన్నా, మన డ్రైవరు ఈశ్వర్‌ని పెళ్ళి సేసుకుంటాను."

"సర్లే, బేగి కానియ్యి!" ఫోను పెట్టేశాడు.

అందిందా అని నేను అడగలేదు.