డొక్కుకు పరీక్ష

"నెల రోజులు ట్రయల్ అన్నావు, సరే అన్నాను. ఇవాళ్టితో అయిపోయింది. ఇక ఆ డొక్కును తీసుకెళ్ళి మీ షాపులో పడేయ్," అన్నాడు భర్త. ఎదురుగా ల్యాప్‌టాప్‌లో కొత్త కంప్యూటర్ ఆర్డరు పేజీ తెరిచి ఉంది. బటన్ నొక్కడమే తరువాయి.

ఆ బటన్ నొక్కితే భార్య స్కూటర్ గాల్లో కలిసినట్టే. కంప్యూటర్ రిపేరు షాపులో పని ఆమెది. రెండు బస్సులు మారి, ఆపైన పావుగంట నడిచి వెళ్ళి వస్తోంది. స్కూటర్ కోసమని పక్కన పెట్టిన డబ్బే ఇప్పుడు కంప్యూటర్‌కు పోబోతోంది. ఈ ఏడాదికి రెండింటిలో ఏదో ఒకటే.

డొక్కు అంటే మామగారి గదిలో బల్ల మీదున్న పాత కంప్యూటర్. ఎవరో ఆఫీసువాళ్ళు వదిలించుకున్నదాన్ని ఆమె తెచ్చి, దుమ్ము దులిపి, మెమరీ రెట్టింపు చేసి, అందులో ఏఐని ఎక్కించింది. లైబ్రేరియన్‌గా రిటైరైన మామగారికి చూపు బాగా తగ్గింది. ఉత్తరాలూ ఫోను మెసేజీలూ చదివి వినిపించడానికి, జవాబులు రాసి పంపడానికి ఒక అసిస్టెంటు కావాలన్నారు. తన కాగితాలు మాత్రం ఊరూపేరూ తెలియని కంపెనీ చేతిలో పడకూడదు, అంతా ఇంట్లోనే నడవాలన్నారు. అక్కడిదాకా మొగుడూ పెళ్ళాలకు పేచీ లేదు. ఏ పెట్టెలో నడవాలన్న దగ్గరే వచ్చింది.

"దీనికేం తక్కువైందండీ?" అంది ఆమె.

"ఏం తక్కువా? గ్రాఫిక్స్ కార్డే లేదు. అది లేకుండా ఏఐ ఏంటి? మా ఆఫీసులో చెబితే నవ్విపోతారు."

"వాడేది మీ ఆఫీసువాళ్ళా, మామయ్యా? ఏఐ మోడల్ మొత్తం మెమరీలో పట్టాలి, పట్టింది. ఒక్క మనిషికి చదివి పెట్టడానికీ రాసి పెట్టడానికీ ఇది చాలు. మీరు చూసిన ఆ పెద్ద పెట్టె ఫ్యాను మోతకి మామయ్యకు రేడియో కూడా వినపడదు. కరెంటు బిల్లు సంగతి ఇక చెప్పక్కర్లేదు."

ఆమె మాటలో తడబాటు లేదు. రోజుకు పది పెట్టెలు విప్పి బిగించే మనిషికి ఎందుకుంటుంది?

"అయితే పద, ఇప్పుడే తేల్చేద్దాం," అని అతను లేచాడు.

మామగారు పడక్కుర్చీలో కూర్చుని, భూతద్దం పెట్టి పేపరు చూస్తున్నారు. ఇద్దరూ రావడం చూసి, "మీరూ మీరూ చూసుకోండి. మధ్యలో నన్ను లాగకండి," అన్నారు.

భర్త డొక్కు ముందు కూర్చున్నాడు. "మొండి భార్యకు నచ్చజెప్పడం ఎలా?" అని పైకి అంటూ టైపు చేశాడు.

తెర మీద కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత ఒక్కో మాటా తెర మీద పడుతూ, పైకి వినిపిస్తూ వచ్చింది. ముందు... ఆవిడ... చెప్పేది... పూర్తిగా... వినండి...

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేపరు వెనక మామగారి భుజాలు కదిలాయి.

"చూశావా ఆ నడక? అది వాక్యం ముగించేలోపు నేను స్నానం చేసి రావచ్చు," అన్నాడు భర్త, ముఖం గంటు పెట్టుకుని.

"మామయ్య చదివే వేగమూ అంతే కదా. అయినా చెప్పింది సరిగ్గానే చెప్పిందిగా."

"వేగం సంగతి వదిలేయ్. అసలు బుర్రేది? చిన్న మోడల్‌కి చిన్న బుర్ర. అవసరమైన విషయం అడిగితే నీళ్ళు నములుతుంది. దాని మాట నమ్మి ఒక్క నిర్ణయమైనా తీసుకునే మనిషిని చూపించు నాకు."

ఆమెకు ఒళ్ళు మండింది. "మీరూ నేనూ కొట్టుకోవడం ఎందుకు? వాడేది మామయ్య. ఆయన్నే అడుగుదాం. ఆయన ఎలా చెబితే అలాగే."

భర్త హాయిగా వెనక్కి వాలాడు. ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. "నేను నిన్ననే అడిగాను. ఆఫీసు నుంచి మెసేజ్ పెట్టాను. విను నాన్న ఏం రాశారో," అని ఫోను తీసి చదివాడు. "రెండింటినీ పోల్చి చూస్తే, ముందుచూపుతో పెద్ద కంప్యూటర్ కొనడమే మంచిది. స్కూటర్ వచ్చే ఏడాది తీసుకోవచ్చు."

ఆమె మామగారి వైపు తిరిగింది. స్కూటర్ పోతే పోయింది, ఇంకో ఏడాది బస్సెక్కుతుంది. కానీ రోజూ పొద్దున్నే "ఇది లేకపోతే నాకు తోచదమ్మా" అంటూ ఆ పెట్టెను తుడిచి మరీ ఆన్ చేసుకునే మామగారు చాటుగా ఈ మాట రాశారా?

"మామయ్యా, మీరా?" అంది.

మామగారు పేపరు మడిచారు. కోడలి ముఖం చూడలేక కిటికీ వైపు చూశారు.

"ఆయన్నెందుకు నిలదీస్తావు?" అన్నాడు భర్త. "నాన్న ఏదీ తొందరపడి చెప్పరు. బాగా ఆలోచించి, తీరిగ్గా జవాబు రాస్తారు. ఈ నెలంతా ఆఫీసులో ఏ చిక్కు వచ్చినా మెసేజ్ పెట్టి ఆయన్నే అడిగాను. మేనేజరుతో గొడవ సర్దుకుంది ఆయన మాటతోనే. ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. నాన్న మాటే నాకు ఫైనల్."

ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళడానికి అతను లేచి నిలబడ్డాడు.

"ఆగరా," అన్నారు మామగారు. "అమ్మా, నిన్నటిది నేను వినకుండానే పంపించేశాను, తప్పు నాదే." తర్వాత కొడుకు వైపు తిరిగి, గొంతు సవరించుకున్నారు.

"నెల రోజులుగా నీకు జవాబులన్నీ ఆలోచించి రాస్తున్నది నేను కాదురా, ఆ డొక్కే."