ఫయాజ్ నాలుగో సినిమా

మూడో ఆదివారం కూడా సినిమా సగంలో ఉండగానే ప్రొద్దుటూరు షాదీఖానా సగం ఖాళీ అయింది.

డిగ్రీలో మీడియా చదువుతున్న ఫయాజ్‌కు లెక్చరర్ శ్రీహర్ష ఇచ్చిన ప్రాజెక్టు ఒకటే. ఏ రకం సినిమా అయితే జనం కుర్చీల్లోంచి లేవరో తీసి చూపించాలి. బాగా కుదిరినదాన్ని కాలేజీ తరఫున విశాఖపట్నం పోటీకి పంపుతారు. “మా వీధోళ్ళ నాడి నాకు తెలుసు సార్” అని క్లాసులో అందరి ముందూ గొప్పలు పోయాడు ఫయాజ్.

మొదటివారం దయ్యం సినిమా వేశాడు. తెల్లచీర, కిర్రుమనే తలుపు, ఆరిపోయే దీపం, అన్నీ పద్ధతి ప్రకారమే పెట్టాడు. ముందు వరుసలో కూర్చున్న టైలరు వనజమ్మ దయ్యాన్ని చూసి పడీపడీ నవ్వింది.

“జాకెట్టు అంత వదులుగా కుట్టించుకుంటే యాడ భయపెడ్తాది నాయనా అది?”

రెండోవారం జమ్మలమడుగు గుట్టల్లో తీసిన ఫ్యాక్షన్ సినిమా. కొడవళ్ళు, మీసాలు, తొడ కొట్టడాలు. “వీళ్ళకు ఇంట్లో పనేమీ ల్యాదా?” అనుకుంటూ జనం టీకి లేచారు.

మూడోవారం పులివెందుల బస్సులో మొదలయ్యే ప్రేమకథ. హీరో కిటికీలోంచి చూస్తూ నిట్టూరుస్తుంటే వెనక నుంచి ఎవరో అరిచారు. “ఒరే, నువ్వు దిగే స్టాపు దాటిపాయ!”

“సూత్రాలన్నీ పాటించావు. మరి జనం ఎందుకు వెళ్ళిపోతున్నారు?” అన్నాడు శ్రీహర్ష. ఆయనది కృష్ణా జిల్లా. ఈ ఊరికి కొత్త.

ఆ వారమంతా ఫయాజ్ ఒక్క సీనూ రాయలేదు.

నాలుగో ఆదివారం వనజమ్మ పక్కింటి అజ్మతుల్లాను కూడా బలవంతాన పిల్చుకొచ్చింది. రిటైరైన బస్సు డ్రైవరు. భార్య పోయి నలభై రోజులు దాటినా ఆయన గడప దాటలేదు. చివరి వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు.

తెర మీద ఒక వీధి. రంగుల్లేవు, మాటల్లేవు, పాటల్లేవు. కెమెరా కదల్లేదు. పై మూలన ఒక నల్ల పట్టీ.

కాసేపటికి ఒక సైకిలు వచ్చి పూలగంపకు తగిలింది. హాలు గొల్లుమంది. పూలామె చేతులు తిప్పుతూ తిడుతుంటే, వినిపించని ఆ తిట్లను జనమే గొంతెత్తి అందించారు. వనజమ్మ నవ్వలేక కొంగుతో మొహం కప్పుకుంది.

తర్వాత ఒక పెద్దామె సంచీ పట్టుకుని మెల్లగా నడిచొచ్చింది. ఆగింది. చెప్పు సరిచేసుకుంది. వెళ్ళిపోయింది.

అజ్మతుల్లా లేచి నిలబడ్డాడు.

“ఆడ ఆపు బేటా. ఇంగోసారి ఎయ్.”

ఫయాజ్ వేశాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ వేశాడు. మూడోసారికి కూడా ఒక్కరూ టీకి లేవలేదు. బయట టీ అంగడాయన అరిచి అరిచి, చివరికి తనే లోపలికొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

ఆట అయిపోగానే శ్రీహర్ష ఒక్క ఉరుకున వచ్చి ఫయాజ్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

“ఒక్క కట్ లేదు! హీరో లేడు! ఎవరూ నటిస్తున్నట్టే లేదు! ఆ నల్ల పట్టీ పెట్టడానికి ఎంత ధైర్యం కావాలయ్యా! ఇది ఏ కోవలోకి వస్తుందో నాకే అంతుబట్టడం లేదు. పోటీకి ఇదే పంపుదాం. కెమెరా పట్టిందెవరో చెప్పు, పేరు వేయాలి.”

ఫయాజ్ తల గోక్కున్నాడు.

“ఎవురూ పట్టలేదు సార్, రెండు నెలల కిందట మా వీధి మొగదాల బంగారంగడి సీసీ కెమెరాలో మేమంతా పడినాం, నేను తేదీ మీద పట్టీ ఏసినా, అంతే.”