మాస్టారి కొత్త పేపరు

“ససేమిరా కుదరదమ్మా! నా పేపరు నా ఫాంటులోనే ఉండాలి.”

లెక్కల మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసే అమ్మాయి బిక్కమొహం వేసింది. ఈ ఏడాది నుంచి పరీక్షలో ప్రశ్నలు తెరల మీద చూపిస్తారు. జవాబులు మాత్రం కాగితం మీద రాయాలి.

“అది కాదు సార్. మీ ల్యాప్‌టాప్ వేరు, మా కంప్యూటర్లు వేరు. అన్నిట్లో ఉండే మామూలు ఫాంటు పెడితే ఏ గొడవా ఉండదు.”

“మామూలు ఫాంటా! అందులో వర్గమూలం గుర్తు విరిగిన గొడుగులా ఉంటుంది. నా ఫాంటు పంపిస్తాను, ఎక్కించడం నీ పని.”

మాస్టారి బాధ మాస్టారిది. ఈసారి ఫలితాలు బాగుంటే లెక్కల విభాగం హెడ్డు కుర్చీ ఆయనదేనని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. లేదంటే అది నిన్నగాక మొన్న చేరిన కుర్రసారుకి పోతుంది.

అందుకే ఇంట్లో తిండీ నిద్రా మానేసి తన ఫాంటు చెక్కుతూ కూర్చున్నారు. ప్లస్సు గుర్తుకి పొట్ట తగ్గించారు. వంగిన ఇంటిగ్రల్‌ని నిటారుగా నిలబెట్టారు.

భార్య టీ కప్పు పక్కన పెట్టి తెరలోకి తొంగిచూసింది.

“గోడకి నిచ్చెన ఆనించిన ఈ లెక్కతో సహా అన్నీ పోయినేటివే కదండీ?”

“నీ మొహం! పోయినేడు తీటా ఇంత ముచ్చటగా ఉందా? ఏటా కొత్త పేపరు తయారుచెయ్యడమంటే మాటలనుకున్నావా?”

“నాకెందుకు లెండి. కందకు లేని దురద కత్తిపీటకా!”

పరీక్ష రోజు పేపరు తయారుచేసినవాళ్ళని లోపలికి రానివ్వరు. మాస్టారు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగారు. గంట ముందే పిల్లలు నవ్వుకుంటూ బయటికొచ్చేశారు.

“ఏరా, పేపరెలా ఉంది?”

“సూపర్ సార్!”

ఒక్కరూ ఒక్క సందేహం అడగలేదట. వెనకే వచ్చిన ల్యాబు అమ్మాయి ఏదో చెప్పబోయింది. ఆ సంబరంలో వినే ఓపిక మాస్టారికెక్కడిది?

దిద్దుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. అందరికీ ఫస్టు క్లాసే. నిచ్చెన లెక్క తప్పినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

ప్రిన్సిపాల్ తన గదికి పిలిపించి, లేచి మరీ చెయ్యి కలిపారు.

“రండి హెడ్డు గారూ! ఏం మంత్రం వేశారండీ?”

“మంత్రమేముంది సార్. ప్రశ్న కంటికింపుగా కనబడితే జవాబు దానంతటదే వస్తుంది,” అంటూ మాస్టారు, మూల నిలబడ్డ ల్యాబు అమ్మాయిని ఓరగా చూశారు.

“విన్నావామ్మా? ఇకనుంచి అన్ని కంప్యూటర్లలోనూ మాస్టారి ఫాంటే పెట్టు,” అన్నారు ప్రిన్సిపాల్.

“అలాగే సార్, కానీ పరీక్షనాడు ఎంత తంటాలు పడ్డా అది ఎందులోనూ ఎక్కలేదు,” అందా అమ్మాయి నెమ్మదిగా, “పిల్లల తెరల మీద మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా అక్షరాల బదులు కనబడినవన్నీ ఖాళీ డబ్బాలే.”